ఓడలు కట్టు పనివారు

రేవులో నిలిచియున్న పెద్ద ఓడను చూచువారు దానిని ఒకే వస్తువుగా తలంతురు. నిజమునకది వేలకొలది ఉక్కు పలకల కూర్పు. పలకకును పలకకును నడుమనున్న అతుకు చెడినయెడల పలక యెంత మేలైనదైనను ప్రయోజనము లేదు. నీరు లోనికి వచ్చును. ఆ అతుకును చేయువాడు పట్టపరీక్ష నిచ్చినవాడు కాడు, చేతిపని నేర్చినవాడు. అతనికి తెలిసినదేమో, అతడు దానినెట్లు నేర్చునో మన విద్యార్థులును వారి తలిదండ్రులును కొంత యెఱిగియుండుట అవసరము. ఉన్నత పాఠశాల విడిచిన పిమ్మట ఏ దారి పట్టవలెనను ప్రశ్న ప్రతి సంవత్సరమును అనేక గృహములలో పుట్టుచున్నది గదా.

మన తీరమునకు ఓడపని క్రొత్తది కాదు. 17వ శతాబ్దముననే నరసాపురము దాపున మాధవాయిపాలెములో ఇంగ్లీషువారు ఓడలు కట్టించుకొనిరి. గోదావరి సాగరమున కలియుచోట, కాకినాడకు సమీపముననున్న కోరంగి అంతకంటెను పేరుపొందిన రేవు. బర్మాదేశమున తెలుగువారికి ‘కోరంగీ’లను పేరు వచ్చినదన్న, ఆ రేవునుండి యెందఱు ఓడలెక్కిరో ఊహింపవచ్చును. 1789 లోను, 1839 లోను వచ్చిన ఉప్పెనలు కోరంగిని పాడుచేసినవి. అయినను పని చావలేదు. దాని ప్రక్కనున్న తాళ్లరేవు వడ్రంగులు 20వ శతాబ్దమునందు కూడ చెక్క ఓడలు కట్టిరి. వారికి అచ్చుపుస్తకములు లేవు. కొడుకు తండ్రి ప్రక్కను నిలిచి, బాడిసె పట్టి, మ్రాను వంపును కంటితో చదువ నేర్చుకొనెను.

ఉక్కు ఓడకు కన్ను మాత్రమే చాలదు. వందవ వంతు పరిమాణమున గీచిన పటములో అర మిల్లీమీటరు తప్పు జరిగిన, అది ఓడలో 5 సెంటీమీటర్లగును. అందుచేత పూర్వము ఓడల కార్ఖానాలలో మిక్కిలి విశాలమైన నున్నని చెక్క నేలగల సాలయొకటి యుండెడిది. ఓడయొక్క గీతలను అచ్చముగా ఓడయంత పరిమాణముననే ఆ నేలపై గీచెడివారు. సన్నని చెక్కబద్దను మేకుల నడుమ వంచి, నేలకు తలనానించి, బద్ద వెంబడి చూచెడివారు. ఎక్కడనైనను చిన్న బొడిపె కనిపించిన ఆ మేకును జరుపవలసినదే. తరువాత ఆ గీతలకు సరిపోవు చెక్క అచ్చులను కోసి పలకలు కత్తిరించువారికి ఇచ్చెడివారు. నేడు ఈ పనిని గణనయంత్రములు చేయుచున్నవి. పలకలను జ్వాలతో కోయు యంత్రములును వాని ఆజ్ఞననుసరించియే నడచుచున్నవి. ఇంతటితో కొలతల చిక్కు తీరినదని యెంచరాదు. 10 మీటర్ల ఉక్కు పలక 30 డిగ్రీలు వేడెక్కినచో సుమారు మూడున్నర మిల్లీమీటర్లు పొడవు పెరుగును. అందుచేతనే పెద్ద భాగములను సరిచూచు పనిని తఱచుగా ఎండ రాకముందు తెల్లవారుజామున పెట్టుకొందురు. పాఠశాలలో భౌతికశాస్త్రపు గంటయందు ఉష్ణవ్యాకోచమును కంఠస్థము చేసి మఱచినవారు దీనిని గమనింతురుగాక!

ఓడ ముక్కునొద్ద పలక ఒకవైపునకే గాక రెండువైపులకును వంగవలెను. అట్టి పలకను వంచు విధము మిక్కిలి చిత్రమైనది. పనివాడు గ్యాసు జ్వాలతో పలకపై ఒక గీత వెంబడి వేడిచేయుచు, వెనువెంటనే నీరు పోయుచు పోవును. వేడెక్కిన భాగము ఉబ్బ జూచును; చుట్టునున్న చల్లని ఉక్కు దానిని కదలనీయదు; అందుచే అది లోలోననే నలుగును. చల్లారునప్పుడు మొదటికంటె ఎక్కువగా ముడుచుకొని పలకను తనవైపునకు లాగును. సమ్మెట దెబ్బ లేకయే పలక వంగినది! ఏ గీత ముందు, ఏ గీత వెనుక, ఎంత వేగముగ నడువవలెనో తెలియుటకు ఏండ్లు పట్టును. జపానుదేశమున ఈ విద్య తెలిసిన పెద్ద పనివారిని మిక్కిలి గౌరవింతురు.

ఇక అతుకుల మాట. 20వ శతాబ్దపు మధ్యకాలమువఱకు పలకలను రివెట్లతోనే కలిపిరి. 1912 లో మునిగిన టైటానిక్ ఓడలో సుమారు 30 లక్షల రివెట్లుండెను. ఒక్కొక్క రివెట్టుకు నలుగురు మనుష్యులు కావలెను. మొదటివాడు చిన్న కొలిమిలో రివెట్టును నారింజపండు వన్నె వచ్చువఱకు కాల్చి, పట్టుకారుతో విసరును. రెండవవాడు దానినందుకొని రంధ్రములో దూర్చును. మూడవవాడు లోపలివైపున బరువైన ఇనుపదిమ్మెను ఆనించి పట్టును. నాలుగవవాడు వెలుపలనుండి కొట్టి రెండవ తలను చేయును. రివెట్టు చల్లారుచు ముడుచుకొని రెండు పలకలను బిగించును. బలమంతయు ఆ ముడుచుకొనుటలోనే యున్నది. కాల్చువాడు తొందరపడి తక్కువ వేడితో విసరిన బిగువు రాదు. ఎక్కువ కాల్చినచో ఇనుము మాడి పెళుసగును. కొలిమియొద్ద నుండువాడు తఱచుగ బాలుడే. అతని కంటికి తెలిసిన రంగుమీద ఓడలోనివారి ప్రాణములు ఆధారపడియుండెను. ఈ పనిలో ముసలివారైనవారిలో అనేకులకు చెవుడు వచ్చెను. ఆ ధ్వనికి అడ్డులేదు, నాడు చెవులకు మూతలును లేవు.

పిమ్మట విద్యుత్తుతో అతుకు విధానము, అనగా వెల్డింగు, వ్యాపించినది. ఉక్కుకడ్డీకిని పలకకును నడుమ విద్యుజ్జ్వాల పుట్టి రెంటిని కరగించును. కరగినది కలిసి గట్టిపడును. కడ్డీమీద పూసిన మందు కాలి, కరగిన లోహమునకు గాలి తగులకుండ కాపాడి, పైన చిట్టెమై పేరుకొనును. ఆ చిట్టెమును సుత్తితో గీకి తీయక పైవరుస పోసినయెడల, అది లోపలనే చిక్కి అతుకును బలహీనపఱచును. నేలపైనున్న పలకను అతుకుట సులభము, నిలువుగోడపై కష్టము, తలపైనున్న కప్పును అతుకుట మిక్కిలి కష్టము. అక్కడ కరగిన లోహము క్రిందికి జాఱకుండ నిలువవలెను. జ్వాలను చిన్నదిగా నుంచి, చేయి వణకక, ఒకే వేగమున పోవుటవలననే అది నిలుచును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలో వేలకొలది స్త్రీలు ఈ పనిని నేర్చి ఓడలను అతికిరి. ఇది పురుషుల పనియే యనువారికి ఆ ఓడలే ప్రత్యుత్తరము.

ఆ యుద్ధకాలముననే గొప్ప పాఠమొకటి కూడ దొరకినది. 1941 మొదలు 1945 వఱకు ‘లిబర్టీ’ తరగతి సరకు ఓడలు 2,710 కట్టబడినవి. కొన్నింటి పలకలు సముద్రమున బీటలు వాఱెను. 1943 జనవరి 16వ తేదీన ఓరిగాన్ రాష్ట్రములోని పోర్ట్‌లండు నగరమున ‘స్కెనెక్టడీ’ అను క్రొత్త చమురు ఓడ, గాలి గాని అల గాని లేని రేవునందే, పెద్ద చప్పుడుతో నడుమకు విఱిగినది. నేరమంతయు వెల్డర్లదేయని చాలమంది యనిరి. కేంబ్రిడ్జిలో కాన్‌స్టన్స్ టిప్పర్ అను విదుషీమణి పరిశోధించి, ఆనాటి ఉక్కు చలిలో పెళుసగుట ముఖ్యకారణమని చూపెను. చతురముగా కోసిన ద్వారముల మూలలును, కొన్నిచోట్ల చెడ్డ అతుకులును బీటకు మొదలైనవి. రివెట్ల ఓడలో బీట ఒక పలక అంచునకు వచ్చి ఆగును. వెల్డింగు ఓడ అంతయు ఒకే ముక్క. బీట ఆగవలసిన అంచు లేదు. కనుక ఒకచోటి దోషము ఓడనంతను చీల్చగలదు. నాటినుండి ఉక్కును, మూలల రూపును మార్చిరి. వెల్డరు బాధ్యత మాత్రము తగ్గలేదు, పెరిగినది.

అతుకులను ఎక్స్-కిరణములతోను, చెవికి వినరాని ధ్వనితరంగములతోను పరీక్షింతురు. కాని ఓడలోని ప్రతి అంగుళమును అట్లు చూచుట లేదు. ఏరిన చోట్లనే చూతురు. మిగిలినచోట చిట్టెమును తీసెనో తీయలేదో పనివానికే తెలియును. బాయిలర్లు, గొట్టములు అతుకుచోట్ల ప్రతి వెల్డరునకు ఒక గుర్తుసంఖ్య నిచ్చి, అతుకు ప్రక్కను దానిని వేయింతురు. ఏండ్లు గడచినను ఆ సంఖ్య అక్కడనే యుండును. ఈ మాట చెప్పినప్పుడు కొందఱు పిల్లలు నవ్వుదురు. మఱికొందఱు ఆలోచనలో పడుదురు. వెల్డరు కాదగినవారు రెండవవారని నా నమ్మకము.

విశాఖపట్టణమున ఓడల కార్ఖానాకు 1941 జూన్ 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. వాల్‌చంద్ హీరాచంద్‌గారి సింధియా నౌకాసంఘము దానిని స్థాపించినది. మఱుసటి ఏప్రిలులో జపానువారు పట్టణముపై బాంబులు వేసిరి, పని వెనుకబడెను. తుదకు 1948 మార్చి 14వ తేదీన పండిత నెహ్రూగారి చేతులమీదుగా ‘జల ఉష’ అను 8,000 టన్నుల ఓడ నీట ప్రవేశించినది. ఆ కార్ఖానా 1952 లో హిందూస్థాన్ షిప్‌యార్డు అను పేరు పొంది, 1961 లో పూర్తిగా ప్రభుత్వపరమైనది.

ఓడను నీట దింపుట కూడ చేతిపనివారి విద్యయే. అంతవఱకు దిమ్మెలపై నిలిచిన ఓడ బరువును, కొవ్వు పూసిన జారుడుబల్లలపైకి మార్చుటకు పనివారు బారులు తీరి ఒకేసారి చీలలను దిగగొట్టుదురు. ఆ పిమ్మట యంత్రమును దాని ఇరుసుతో వెంట్రుకవాసి తేడాలేక కూర్చు ఫిట్టర్లు, గొట్టములు వేయువారు, విద్యుత్తు తీగెలు లాగువారు, రంగులు వేయువారు, బరువులెత్తు కలాసీలు తమ తమ పనులకు వత్తురు. ఇదే పనివారు వంతెనలకును, ఉక్కు కార్ఖానాలకును, నూనె శుద్ధిచేయు కర్మాగారములకును కావలసినవారు. పేర్లు మాఱవు, వస్తువు మాత్రమే మాఱును.

అపాయము లేదని చెప్పుట తలిదండ్రులను మోసగించుటయగును. 2020 ఆగస్టు 1వ తేదీన ఈ విశాఖపట్టణపు కార్ఖానాలోనే, పరీక్షించుచున్న పెద్ద క్రేను కూలి 11 మంది మరణించిరి. మూసియున్న తొట్టిలోనికి, లోపలి గాలిని పరీక్షింపక దిగినవాడు ఊపిరాడక క్షణములో పడిపోవచ్చును. ముసుగు లేక జ్వాలను చూచినవానికి ఆ రాత్రి కన్నులలో ఇసుక పోసినట్లుండును. కాబట్టి పిల్లవానిని పనిలో చేర్చునప్పుడు జీతమెంతయని అడుగుటతోబాటు, టోపీ, ముసుగు, నడుముత్రాడు ఇత్తురా, గాలిని పరీక్షించువారున్నారా యనియు అడుగుడు. ఈ ప్రశ్నకు విసుగుకొను యజమానునియొద్ద పిల్లవానిని చేర్పకుండుటయే మేలు.

నేర్చుకొను మార్గము కఠినము కాదు. పారిశ్రామిక శిక్షణాలయములలో ఫిట్టరు, విద్యుత్తు పనులకు రెండేండ్లు, వెల్డరు పనికి ఒక యేడు శిక్షణ. పిమ్మట 1961 నాటి అప్రెంటిసు చట్టము ననుసరించి కార్ఖానాలలో పని నేర్చుకొనుచు భత్యము పొందవచ్చును. ఐ. టి. ఐ. యనగానే మొగము చిట్లించు తండ్రులను నేనెఱుగుదును. వారు ఒకనాడు శిక్షణాలయపు తలుపునొద్ద నిలిచి క్రొత్త ఫిట్టరు విద్యార్థి తొలిపనిని చూడవలెను. అతనికి ఒక ఇనుపముక్కను, ఆకురాయిని ఇచ్చి చతురము చేయుమందురు. ఇది సులభమని తోచును. అతడు రెండుమూడు దినములు రాచి, మూలమట్టమును ముక్కకు ఆనించి, కిటికీవైపునకు ఎత్తి చూచును. ఇనుమునకును మట్టమునకును నడుమ సన్నని వెలుతురు కనిపించును. గురువు ఏమియు పలుకక ముక్కను తిరిగి బిగించునదిలో పెట్టును. పిల్లవాడు మరల ఆకురాయి పట్టును.