లక్క నుండి బేకలైటు వరకు

గాజులకును, ముద్రలకును మనవారు వాడు లక్క యొక చిన్న పురుగు మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై స్రవించు జిగురు. ఇది విద్యుత్తును తనగుండా పోనీయదు. కావున విద్యుద్యంత్రముల తొలినాళ్లలో తీగచుట్టలకు దీనినే పూసెడివారు. అందులకు లక్క మన దేశమునుండి విరివిగా నెగుమతి యయ్యెడిది. కాని లక్క వేడికి మెత్తబడును. పురుగు చేసినంతకు మించి దొరకదు.

ఈ కొరతను తీర్పగోరి, బెల్జియములో జన్మించి అమెరికాలో స్థిరపడిన లియో బేక్‌లాండు అను రసాయన శాస్త్రజ్ఞుడు 1907లో ఫినాలు, ఫార్మాల్డిహైడు అను రెండు ద్రవ్యములను వేడిమికిని, ఒత్తిడికిని లోబరచి యొక క్రొత్త పదార్థమును సాధించెను. 1909లో శాస్త్రజ్ఞుల సభలో దానిని ప్రకటించెను. అదియే బేకలైటు. అంతకు ముందటి సెల్యులాయిడు ప్రత్తి మొదలగువానిలోని సెల్యులోజునుండి చేసినది. పూర్తిగా మానవుడు కూర్చిన మొదటి ప్లాస్టిక్కు బేకలైటే.

మైనము ఎన్నిమారులైనను కరగి గట్టిపడును. బేకలైటు అట్లు కాదు. అచ్చులో వేడిచేసినపుడు దాని యణువులు నలుదిశల ముడివడి వలవలె నగును. కాలిన యిటుక మరల మట్టిముద్ద కానట్లే, గట్టిపడిన బేకలైటు మరల కరగదు.

మోటారు వాహనములకు కావలసిన దిట్టి పదార్థమే. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించుటకు వేలకొలది వోల్టుల విద్యుత్తు కావలెను. అది దారి తప్పరాదు; దానిని కాపాడు వస్తువు ఇంజను వేడికి కరగరాదు. అందుచే డిస్ట్రిబ్యూటరు మూతలను బేకలైటుతో చేసిరి. తూర్పు జర్మనీలో ఉక్కురేకు కొరత వలన, 1957లో వెలువడిన ట్రబాంటు కారుకు ప్రత్తి వ్యర్థములను ఇట్టి జిగురుతో కలిపి యదిమి పైతొడుగులు చేసిరి. మనకు చేరువనున్న బెంగుళూరులో 1982లో వచ్చిన సిపానీ డాల్ఫిను కారు తొడుగు గాజునార కలిపిన ప్లాస్టిక్కు.

అయితే ఏ గుణము మేలయ్యెనో, ఆ గుణమే చిక్కును తెచ్చినది. రాయకోటలో టమాటాలు నింపు ప్లాస్టిక్కు పెట్టె విరిగినచో కరగించి మరియొక వస్తువు చేయవచ్చును. బేకలైటు ముక్కను, ట్రబాంటు తొడుగును అట్లు చేయవీలులేదు. కాల్చినచో హానికరమైన పొగ వచ్చును. కావున తల్లిదండ్రులు విరిగిన వాహన భాగములను ఇంటివద్ద కాల్చనీయరాదు.

విద్యార్థులారా! 1980 నాటినుండి హోసూరు వాహన పరిశ్రమకు పేరొందినది. మీలో కొందరు రేపు అచ్చట పనిచేయుదురు. ఒక వస్తువును చేయుటకు ముందే “ఇది విరిగిన పిదప ఏమగును?” అని ప్రశ్నింప నేర్చుకొనుడు.