మూత్రంలో రక్తం: మూత్రపిండాలు పంపే ముందు కబురు



డయాలసిస్‌కు సాయం కోరుతూ మన సొసైటీకి ప్రతి ఏటా కొన్ని దరఖాస్తులు వస్తాయి. వాటిని తెచ్చిన కుటుంబాలతో కూర్చుని మాట్లాడితే చాలాసార్లు ఒకే మాట వినబడుతుంది: "అప్పుడే చూపించుకుని ఉంటే బాగుండేది సార్." ఆ 'అప్పుడు' గురించే ఈ వ్యాసం. మేము వైద్యులం కాము, బడిలో పాఠాలు చెప్పేవాళ్ళం. కనుక పాఠంలాగే చెబుతాము.

మూత్రపిండం చేసే పని

మన నడుము పైభాగంలో, వెన్నెముకకు రెండు వైపులా రెండు మూత్రపిండాలు ఉంటాయి. ఒక్కొక్క దానిలో సుమారు 10 లక్షల సన్నని జల్లెడలు ఉంటాయి. ఇవి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో చాలా భాగాన్ని తిరిగి శరీరానికే ఇచ్చి, ఒకటిన్నర, రెండు లీటర్లను మాత్రమే మూత్రంగా బయటకు పంపుతాయి. జల్లెడ బాగున్నంత కాలం రక్తకణాలు, ప్రోటీన్లు రక్తంలోనే ఉండిపోతాయి. అవి మూత్రంలో కనబడ్డాయంటే ఎక్కడో దెబ్బ తగిలిందని అర్థం.

రక్తం ఎక్కడినుంచి వస్తుంది?

రెండు చోట్లనుంచి రావచ్చు. మొదటిది, మూత్రం ప్రయాణించే దారి. రాళ్ళు, ఇన్ఫెక్షన్, పెద్దవారిలో ప్రోస్టేట్ వాపు, మూత్రాశయంలో గడ్డలు దీనికి కారణాలు. ఇలా వచ్చే రక్తం తరచుగా ఎర్రగా ఉంటుంది, ఒక్కోసారి గడ్డలు కట్టి పడుతుంది. రెండవది, మూత్రపిండంలోని జల్లెడే వాచడం. అప్పుడు మూత్రం డికాషన్ రంగులోనో, కూల్‌డ్రింక్ రంగులోనో ఉంటుంది. ముఖం వాపు, కాళ్ళ వాపు, మూత్రంలో నురగ, బి.పి. పెరగడం కూడా తోడైతే జల్లెడ మీదే అనుమానం.

ఒక లీటరు మూత్రం రంగు మారడానికి ఒక మిల్లీలీటరు రక్తం చాలు. కాబట్టి ఎర్రగా కనబడగానే రక్తమంతా పోయిందని హడలిపోనక్కరలేదు. రక్తం కంటికి కనబడకుండా, మైక్రోస్కోపు కింద మాత్రమే తెలిసే సందర్భాలూ ఉన్నాయి. బీట్‌రూట్ తిన్నా, టి.బి. మందు రిఫాంపిసిన్ వాడినా మూత్రం రంగు మారుతుంది. తేడా తేల్చేది పరీక్ష ఒక్కటే.

బడిలో మేము చూసినది

కొన్నేళ్ళ క్రితం ఏడవ తరగతి పిల్లవాడు ఒకడు ఉదయం కళ్ళు ఉబ్బిన ముఖంతో బడికి వచ్చాడు. రాత్రి నిద్ర లేదేమో అనుకున్నాము. మూడవ రోజు కూడా అలాగే ఉండడంతో పక్కకు పిలిచి అడిగితే, సిగ్గుపడుతూ "మూత్రం టీ లాగా వస్తోంది సార్" అన్నాడు. అమ్మకు చెబితే వేడి చేసిందని బార్లీ నీళ్ళు ఇచ్చిందట. రెండు వారాల ముందు వాడికి గొంతునొప్పి, జ్వరం వచ్చాయి. డాక్టరు గారు చూసి, గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ క్రిమి తర్వాత మూత్రపిండాలు వాచాయని చెప్పారు. బి.పి. కూడా ఎక్కువగా ఉంది. సకాలంలో చూపించడంవల్ల అల్‌హమ్దులిల్లాహ్ కోలుకున్నాడు. ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో చాలామంది ఇలాగే కోలుకుంటారు. అయితే బి.పి.ని గమనించకపోతే ప్రమాదం.

ఇంకొక రకం ఉంది, ఐజిఎ నెఫ్రోపతి. ఇందులో జలుబు, గొంతునొప్పి వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే మూత్రం ఎర్రబడి, దానంతటదే తగ్గుతుంది. తగ్గింది కదా అని మరచిపోతారు. కొందరిలో అది ఏళ్ళ తరబడి లోపల మూత్రపిండాన్ని తినేస్తూ ఉంటుంది. 'అప్పుడే చూపించుకుని ఉంటే' అనే మాట వెనుక ఇలాంటి కథలు కూడా ఉన్నాయి.

ఏం చేయాలి?

1. రక్తం ఒక్కసారి కనబడి ఆగినా డాక్టరుకు చూపించాలి. నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు. నడివయసు దాటినవారిలో, ముఖ్యంగా బీడీ, సిగరెట్ తాగేవారిలో, నొప్పి లేకుండా పడే రక్తం మూత్రాశయ క్యాన్సర్‌కు గుర్తు కావచ్చు.

2. మూత్ర పరీక్ష, బి.పి., రక్తంలో క్రియాటినిన్, అవసరమైతే అల్ట్రాసౌండ్ చేయించాలి. మూత్రపిండాల శక్తి దాదాపు సగం పోయేవరకూ క్రియాటినిన్ మామూలుగానే కనబడవచ్చు. అందుకే మూత్ర పరీక్షను వదలకూడదు.

3. షుగరు, బి.పి. ఉన్నవారు రక్తం కనబడేదాకా ఆగకూడదు. వారిలో ముందుగా పోయేది సాధారణంగా ప్రోటీన్, అది కంటికి తెలియదు. ఏడాదికి ఒకసారైనా పరీక్ష చేయించాలి.

4. కీళ్ళనొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు నెలల తరబడి మింగకూడదు. అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

5. మన ఆడవారు ఈ విషయం చెప్పుకోవడానికి సిగ్గుపడి, నెలసరి అనుకుని దాటవేస్తారు. ఇంట్లో తల్లులు, అత్తలు వారిని అడిగి తెలుసుకోవాలి.

రోజాల సంగతి

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు రంజాన్‌కు ముందే డాక్టరును, ఆలిమ్‌ను అడగాలి. రోగికి ఖుర్ఆన్ స్వయంగా మినహాయింపు ఇచ్చింది. కోలుకున్నాక ఖజా చేయవచ్చు, కోలుకునే ఆశ లేనివారికి ఫిద్యా ఉంది. అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యాన్ని కాదని ప్రాణం మీదకు తెచ్చుకోవడం దీన్‌దారీ కాదు. శరీరం మన చేతిలో ఉన్న అమానత్.

దాతలకు ఒక విన్నపం

మూత్రపిండాలు పూర్తిగా ఆగిపోయినవారికి సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు డయాలసిస్ చేయాలి. ప్రభుత్వ పథకాల్లో ఉచితంగా జరిగినా, దారి ఖర్చులు, మందులు, పోయిన కూలి ఆ కుటుంబం మీదే పడతాయి. పైగా రోగి వెంట ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి తరచుగా బడి మానేసిన కొడుకో కూతురో అవుతారు. హాజరు పట్టీలో ఆ ఖాళీ గడులను మేము చూస్తూనే ఉన్నాము.

మీరు ఇచ్చే సాయం ఆ కుటుంబాలకు ఆగకూడదు. దానితోపాటు, మూత్ర పరీక్షకు, బి.పి. చూడడానికి అయ్యే కొద్దిపాటి ఖర్చుకు కూడా మీ సదఖాలో కొంత భాగం కేటాయించమని కోరుతున్నాము. జకాత్ అర్హులైన పేదలకే చేరాలి కనుక, అందరికీ పెట్టే పరీక్షా శిబిరాలకు సదఖా సొమ్ము వాడడం మంచిది. ఈ విషయంలో ఉలమాల సలహా తీసుకుందాం. మస్జిద్ ఆవరణలో, మదరసాలో, బడిలో ఏడాదికి ఒక రోజు చాలు. మార్చి నెల రెండవ గురువారం ప్రపంచ కిడ్నీ దినం, ఆ రోజైనా పెట్టవచ్చు.

'అప్పుడే చూపించుకుని ఉంటే' అనే మాట వచ్చే ఏడాది దరఖాస్తుల్లో ఒక్కటి తగ్గినా మన శ్రమ ఫలించినట్లే. రోగులందరికీ అల్లాహ్ షిఫా ప్రసాదించుగాక. ఆమీన్.