జీపు అదురునకు మూలమెక్కడ? వెనుక ఇరుసు చమురును పరీక్షించు విధము



పైరు ఆకు పసుపుబారినంతనే యూరియా చల్లుట తెలివిగల సేద్యము కాదు. పసుపు ముదురాకున ఉన్నదా, లేతాకున ఉన్నదా, వేరు నీట నానుచున్నదా అని చూచిన తరువాతనే మందు వేయవలెను. బండి అదురు విషయమునను ఇదే పద్ధతి. నేను పైరులను గూర్చి బోధించువాడనేగాని యంత్రములను గూర్చి కాదు. అయినను నా జీపే నాకీ పాఠము నేర్పినది. అదురు పుట్టగా ఒకరి మాట విని చక్రముల బ్యాలెన్సింగు రెండుమార్లు చేయించితిని. అదురు పోలేదు. తుదకు దోషము ప్రొపెల్లర్ షాఫ్టు వెనుక క్రాసులో బయటపడినది. ఆ వృథా ఖర్చు మీకు కలుగకుండుటకే ఈ వ్యాసము.

మన దేశమున విల్లీస్ జీపుల కూర్పు 1940ల చివర మొదలైనది. బొలేరో 2000లో వచ్చినది. రెంటిలోను ఇంజను ముందున్నది, బరువు లాగు చక్రములు వెనుకనున్నవి. ఇంజను బలమును షాఫ్టు వెనుకకు చేర్చును. షాఫ్టు కొనలందలి క్రాసులు దానిని పైకి, క్రిందికి కదలనిచ్చును. వెనుక ఇరుసు నడుమనున్న డిఫరెన్షియల్ ఆ బలమును రెండు చక్రములకు పంచి, మలుపులో బయటి చక్రము ఎక్కువ తిరుగునట్లు చేయును.

1. అదురును గుర్తించుట

చక్రము చుట్టుకొలత 2.2 మీటర్లనుకొనుడు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున చక్రము నిమిషమునకు సుమారు 450 చుట్లు తిరుగును. డిఫరెన్షియల్ నిష్పత్తి నాలుగైనచో షాఫ్టు 1800 చుట్లు తిరుగును. కావున చక్రపు దోషము నెమ్మదిగా ఊపును, ముందు చక్రమైనచో స్టీరింగున తెలియును. షాఫ్టు దోషము సన్నగా, వేగముగా అదరును, సీటు క్రిందను పాదముల క్రిందను తెలియును.

రద్దీలేని చదునైన బాటలో అదురు వచ్చు వేగమునకు పోయి, ఇంజను ఆపకుండ గేరు న్యూట్రలునకు తెండు. అదురు నిలిచియున్నచో దోషము చక్రములలోగాని షాఫ్టులోగాని కలదు. ఆగినచో ఇంజనును, క్లచ్చును, బరువు పడినప్పుడే కదలు క్రాసులను చూడవలెను. ఈ పరీక్షను కనుమ దారిలో ఎన్నడును చేయరాదు.

తరువాత బండిని చదునైన చోట నిలిపి, చక్రములకు అడ్డురాళ్లు పెట్టి, ఇంజను ఆపి, షాఫ్టును చేతితో త్రిప్పి చూడుడు. క్రాసు వద్ద లొడలొడలాడినను, మూతల చుట్టు ఎర్రని త్రుప్పుపొడి కనిపించినను క్రాసు అరిగినదని తెలియును. షాఫ్టుకు సొట్ట, గడ్డకట్టిన బురద, కట్టల యూ బోల్టుల వదులు కలవేమో చూడుడు. షాఫ్టును విప్పుటకు ముందు రెండు ప్రక్కల గుర్తు పెట్టించుడు. గుర్తు తప్పి బిగించినచో క్రొత్త అదురు పుట్టవచ్చును.

2. ధ్వనిని వినుట

ఆక్సిలరేటరు నొక్కునప్పుడును వదలునప్పుడును మారు కూత క్రౌన్, పినియన్ పండ్లది. మలుపులోనే వచ్చు శబ్దము లోపలి చిన్న పండ్లది కావచ్చును. ఎడతెగని గుర్రు బేరింగులది. ఫోర్‌వీల్ గల బండిని గట్టి తారు బాటపై ఆ గేరులోనే నడిపినచో మలుపులో పట్టినట్లుండును. అది జబ్బు కాదు, వాడుక దోషము. ఆ గేరును బురదలోను ఇసుకలోను మాత్రమే వాడుడు.

3. చమురు చెప్పు సంగతులు

బండి చదునుగానుండి, ఇరుసు చల్లారిన పిమ్మట మొదట పోయు రంధ్రపు బిరడా విప్పుడు. అది వదలనిచో క్రింది బిరడా జోలికి పోరాదు. ఉన్న చమురు కారిపోయి, క్రొత్తది పోయు దారి లేకపోవును. సాధారణముగా చమురు రంధ్రపు క్రింది అంచునకు అందవలెను. దాని రంగు చూడుడు:

పాలవలె తెల్లబడినచో నీరు చేరినది. వెంటనే మార్పించుడు.

నల్లబడి మాడువాసన వచ్చినచో వేడిచే చెడినది.

అయస్కాంతపు బిరడాకు మెత్తని బూడిదరంగు ముద్ద అంటుట సహజము. లోహపు పెచ్చులు దొరికినచో ఇరుసు విప్పించక తప్పదు.

నీరు చేరు దారి వినుడు. ఇరుసుపైన గాలి పీల్చు చిన్న గొట్టము కలదు. అది దుమ్ముతో పూడినచో, వేడెక్కినప్పుడు లోపలి ఒత్తిడి చమురును సీళ్లగుండ త్రోయును. వేడి ఇరుసు వంక నీటిలో దిగి చల్లారగా అదే సందున నీరు లోనికి పీల్చుకొనును. వానకారున వంకలు దాటు మన బండ్లకు ఇది ముఖ్యము. ఆ గొట్టమును శుభ్రముగా నుంచుడు.

ఈ పండ్లు ఒకదానిపై నొకటి జారుచు ఒరయును. అందుచే ఇంజను ఆయిలు పనికిరాదు. బండి పుస్తకములో చెప్పిన గేరు ఆయిలునే పోయుడు.

4. ప్రాణమునకు సంబంధించిన మాట

వెనుక చక్రపు లోపలి ప్రక్క తడి మరక కనిపించినచో ఉపేక్షింపరాదు. ఇరుసు చివర సీలు చెడినచో గేరు ఆయిలు బ్రేకు షూలకు అంటును, ఆ చక్రమున పట్టు తగ్గును. గేరు ఆయిలు చిక్కగా, గంధకపు వాసనతో నుండును. మరక పలుచగానుండి, బ్రేకు ఆయిలు డబ్బాలో మట్టము తగ్గినచో అది బ్రేకు ఆయిలు. రెండును అపాయమే. పలమనేరు నుండి చిత్తూరు వైపు మొగిలి కనుమ దిగవలెను. 25 కిలోల టమాటా పెట్టెలు 40 ఎత్తినచో టన్ను బరువు వెనుకనుండి త్రోయును. అట్టి మరకతో బండి కదలింపరాదు. ఒకనాటి మార్కెటు తప్పినను మరునాడు వేరొక కోత కలదు. మనిషి పోయిన తిరిగిరాడు.

సీళ్లు, చమురు, క్రాసుల గ్రీజు చిన్న ఖర్చులు. వానకారునకు ముందొకసారి, తరువాతొకసారి తప్పక చూచుకొనుడు.