పీసీ స్పీడ్ తర్వాత, ముందు సేఫ్టీ: ఇంట్లోనే చేసుకోగల 6 పనులు

"అన్నా, పీసీ స్లో అయిపోయింది, ఒకసారి చూడవా?" అని వారానికి ఒకరైనా నన్ను అడుగుతుంటారు. తీరా ఆన్ చేసి చూస్తే స్లో అవడం చాలా చిన్న సమస్య. ఐదారేళ్ల ఫొటోలన్నీ ఒకే డిస్కులో ఉంటాయి, అప్‌డేట్లు ఆపేసి ఉంటాయి, యాంటీవైరస్ ఆఫ్‌లో ఉంటుంది. స్పీడ్ ఎప్పుడైనా పెంచుకోవచ్చు, పోయిన ఫైళ్లు మాత్రం తిరిగి రావు. అందుకే నేను ఏ విండోస్ పీసీ చూసినా కింది ఆర్డర్‌లోనే వెళ్తాను. వీటిలో చాలావాటికి రూపాయి కూడా ఖర్చు కాదు.

1. మొదట బ్యాకప్

"ఈ రాత్రి డిస్క్ పోతే నాకు ఏం పోతుంది?" అని మిమ్మల్ని మీరు అడగండి. ప్రాజెక్ట్ ఫైళ్లు, సర్టిఫికెట్ల స్కాన్‌లు, ఇంట్లోవాళ్ల ఫొటోలు... ఆ లిస్ట్‌నే బ్యాకప్ చేయాలి. విండోస్, గేమ్స్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు, వాటికి అవసరం లేదు.

దీనికి 3-2-1 రూల్ ఉంది. మొత్తం 3 కాపీలు, 2 రకాల స్టోరేజ్‌లో, అందులో 1 ఇంటి బయట. అంటే ఒకటి పీసీలో, ఒకటి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో, ఇంకొకటి క్లౌడ్‌లో. కాపీ అయిపోగానే ఎక్స్‌టర్నల్ డిస్క్ కేబుల్ తీసేయండి. ఎందుకో మూడో పాయింట్‌లో తెలుస్తుంది. నెలకోసారి బ్యాకప్‌లోంచి ఏదో ఒక ఫైల్ ఓపెన్ చేసి చూడండి. ఓపెన్ అవని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

2. అప్‌డేట్లు ఆపొద్దు

"అప్‌డేట్ వల్ల పీసీ స్లో అవుతుంది" అని ఆపేసేవాళ్లు చాలామంది. 2017 మే 12న మొదలైన వాన్నాక్రై రాన్సమ్‌వేర్ గుర్తుందా? ఫైళ్లకు తాళం వేసి, బిట్‌కాయిన్‌లో 300 డాలర్లు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దీని బారిన పడ్డాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే, అంటే రెండు నెలల ముందే ప్యాచ్ ఇచ్చింది. సపోర్ట్‌లో ఉన్న విండోస్ వాడుతూ ఆ ప్యాచ్ వేసుకున్నవాళ్ల పీసీల్లోకి అది ఆ దారిలో రాలేకపోయింది.

విండోస్ 10 వాడుతున్నారా? దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ పీసీకి విండోస్ 11 వస్తుందో లేదో "పీసీ హెల్త్ చెక్" అనే మైక్రోసాఫ్ట్ యాప్ చెప్తుంది. రాకపోతే లైనక్స్ మింట్ లాంటివి ట్రై చేయొచ్చు, బ్రౌజింగ్‌కి, చదువుకి బాగానే సరిపోతాయి. అప్‌డేట్లు రాని విండోస్‌లో మాత్రం బ్యాంక్ పనులు పెట్టుకోకండి.

3. క్రాక్ సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లొద్దు

మా కాలనీలో బీటెక్ ఫైనలియర్ తమ్ముడు ఒకడు వీడియో ఎడిటర్ క్రాక్ దింపాడు. "ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి" అని అందులో రాసి ఉంటే అలాగే చేశాడు. గంట తిరిగేసరికి ప్రతి ఫైల్ పేరు చివర వింత అక్షరాలు, ప్రతి ఫోల్డర్‌లో డబ్బులడిగే నోట్. బ్యాకప్ డిస్క్ కూడా అప్పుడు పీసీకే గుచ్చి ఉంది, అదీ పోయింది. నేను వెళ్లేసరికి చేయడానికి ఏమీ మిగల్లేదు. చివరికి గైడ్‌కి మెయిల్ చేసిన పాత రిపోర్ట్ ఒక్కటే దొరికింది. రెండు నెలల పని వాడు మళ్లీ మొదటి నుంచి చేశాడు.

తలుపు తాళం తీయమని అడిగేవాణ్ణి ఇంట్లోకి రానిస్తామా? ఇదీ అంతే. ఎడిటింగ్‌కి డావిన్చీ రిజాల్వ్, డాక్యుమెంట్లకి లిబ్రేఆఫీస్, ఫొటోలకి జింప్... ఇవన్నీ ఫ్రీగానే దొరుకుతాయి.

4. ఉన్న సెక్యూరిటీని ఆన్ చేయండి

విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఇంటి వాడకానికి సరిపోతుంది. కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చిన ట్రయల్ యాంటీవైరస్ గడువు ముగిస్తే దాన్ని తీసేయండి. అది ఉన్నంతవరకు డిఫెండర్ పక్కకి తప్పుకుని ఉండొచ్చు.

విండోస్ సెక్యూరిటీలో రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి "కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్" ఆన్ చేయండి. తెలియని ప్రోగ్రామ్‌లు మీ డాక్యుమెంట్లు, ఫొటోలను మార్చకుండా ఇది అడ్డుకుంటుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వ్యూ మెనూలో ఫైల్ ఎక్స్‌టెన్షన్లు కనపడేలా పెట్టుకోండి. అప్పుడు పీడీఎఫ్‌లా నటిస్తూ చివర ఈఎక్స్‌ఈ ఉన్న ఫైల్ వెంటనే దొరికిపోతుంది.

5. ఇప్పుడు స్పీడ్

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. స్టార్టప్ లిస్ట్‌లో ఆన్ చేయగానే అవసరం లేని యాప్‌లను డిసేబుల్ చేయండి. ఇంకో విషయం, ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు. వారానికోసారి రీస్టార్ట్ కొట్టండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇంకా హార్డ్‌డిస్క్ మీదే విండోస్ నడుస్తుంటే, డబ్బు పెట్టాల్సింది ఎస్‌ఎస్‌డీకే. పాత పీసీలో ఇంత తేడా తెచ్చే అప్‌గ్రేడ్ ఇంకోటి నేను చూడలేదు. రిజిస్ట్రీ క్లీనర్లు, "ఒక్క క్లిక్‌తో డబుల్ స్పీడ్" యాప్‌లు అస్సలు వద్దు.

6. దుమ్ము, వేడి, కరెంటు

ఫ్యాన్ మోత పెరిగిందంటే దుమ్ము పట్టిందని అనుమానించండి. ప్లగ్ తీసి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని గాలి కొట్టండి. ల్యాప్‌టాప్‌ని పరుపు మీద పెట్టి వాడితే గాలి దారులు మూసుకుపోతాయి. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటుంది. డెస్క్‌టాప్ అయితే చిన్న యూపీఎస్ పెట్టుకోండి, కరెంటు పోయినప్పుడు ఫైల్ సేవ్ చేసుకుని ఆపేసే టైమ్ దొరుకుతుంది. ప్లగ్‌పాయింట్‌కి ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి.

ఆరూ ఒకే రోజు చేయక్కర్లేదు. ఈ ఆదివారం ఒక్క బ్యాకప్ పూర్తి చేయండి చాలు, మిగతా ఐదు వచ్చే వారం చూసుకోవచ్చు. మీ పీసీ అయిపోయాక అమ్మానాన్నల ఫోన్‌లో ఉన్న ఫొటోలకి కూడా ఒక కాపీ తీసి పెట్టండి. వాళ్లు అడగరు, మనమే చేయాలి.