గడ్డకట్టే చలిలో క్రేన్ కొలువు

లద్దాఖ్‌లోని ద్రాస్‌లో ఒక జనవరి ఉదయాన్ని ఊహించుకోండి. రాత్రంతా మైనస్ 20 డిగ్రీల చలిలో క్రేన్ ఆరుబయట నిలబడి ఉంది. మన విశాఖ పోర్టులో అయితే ఆపరేటర్ క్యాబిన్ ఎక్కి, సెల్ఫ్ కొట్టి, పది నిమిషాల్లో మొదటి లోడు లేపేస్తాడు. అక్కడ అదే తొందర చూపిస్తే హైడ్రాలిక్ పంపు పోతుంది, లేదా హోసు పగులుతుంది. మొదటి లోడు లేవడానికి గంట దాటినా ఆశ్చర్యం లేదు. ఆ గంటలో ఏం చేయాలో తెలిసినవాళ్లు తక్కువ. ఐటీఐలో డీజిల్ మెకానిక్, ఫిట్టర్ చదువుతున్నవాళ్లూ, హైడ్రా అనే చిన్న క్రేన్ నడుపుతూ పై మెట్టు కోసం చూస్తున్నవాళ్లూ ఆ గంట పని నేర్చుకోవాలని నా కోరిక.

అవకాశాలు మన దేశ సంస్థల్లోనే ఉన్నాయి. కశ్మీర్‌ను లద్దాఖ్‌తో కలిపే సుమారు 13 కిలోమీటర్ల జోజిలా సొరంగాన్ని నిర్మిస్తున్నది హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్ సంస్థే. సరిహద్దు రోడ్ల సంస్థ, అంటే బీఆర్వో, 1960 నుంచీ హిమాలయాల్లో రోడ్లు వేస్తోంది. అక్కడ యంత్రాల ఆపరేటర్లు, వెహికల్ మెకానిక్‌ల పోస్టులకు నోటిఫికేషన్లు వస్తుంటాయి. అంటార్కిటికాలోని మన పరిశోధన కేంద్రాలు మైత్రి, భారతిలకు కూడా మెకానిక్‌లు, క్రేన్, డోజర్ నడిపేవాళ్లు కావాలి. వాళ్లను కాంట్రాక్టు మీద ఎంపిక చేసేది గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం. సైన్సు డిగ్రీ లేకుండా, చేతిపనితో అంటార్కిటికా చేరే దారి ఇది. మన పిల్లల్లో చాలామందికి ఈ సంగతి తెలియకపోవడం బాధ కలిగిస్తుంది.

ఇక పనిలోకి వద్దాం. చలి మొదట దెబ్బకొట్టేది డీజిల్‌ను. అందులోని మైనం గడ్డకట్టి ఫిల్టర్‌ను మూసేస్తుంది. ఇండియన్ ఆయిల్ 2019లో లద్దాఖ్ కోసం మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని ప్రత్యేక డీజిల్‌ను తెచ్చింది అందుకే. కొత్త ఇంజిన్ల పొగను శుభ్రం చేయడానికి వాడే యూరియా ద్రావణం మైనస్ 11 దగ్గరే గడ్డకడుతుంది. బ్యాటరీ మైనస్ 18కి వచ్చేసరికి దాదాపు సగం బలం కోల్పోతుంది. ఛార్జి దిగిపోయిన బ్యాటరీ అయితే లోపలి ద్రావణం గడ్డకట్టి డొక్కే పగలవచ్చు. హైడ్రాలిక్ ఆయిల్ తేనెలా చిక్కబడి పంపుకు అందదు. అందుకే ఆపరేటర్ ముందు బ్లాక్ హీటర్‌తో ఇంజిన్‌ను వెచ్చబరుస్తాడు. స్టార్టయ్యాక రేజ్ చేయకుండా వదిలేస్తాడు. ఆ తర్వాత లోడు లేకుండా బూమ్‌ను మెల్లగా లేపుతూ దించుతూ, కొద్దికొద్దిగా తిప్పుతూ ఆయిల్‌ను సిలిండర్లన్నిటికీ పారిస్తాడు. ట్యాంకు కింద మంట పెట్టడం, ఈథర్ స్ప్రే కొట్టి స్టార్ట్ చేయడం చాలాచోట్ల చూస్తాం. రెండూ ప్రమాదమే. గ్లో ప్లగ్‌లు, ఇన్‌టేక్ హీటర్ ఉన్న ఇంజిన్‌లో ఈథర్ పేలుతుంది. ఇంటర్వ్యూలో ఎవరైనా అడిగితే ఈ ఒక్క జవాబుతోనే మీ అనుభవం తెలిసిపోతుంది.

సాయంత్రం బండి ఆపే తీరు కూడా నేర్చుకోవాలి. ట్యాంకు నింపే ఆపాలి, ఖాళీ జాగాలో తేమ చేరకుండా. ఎయిర్ ట్యాంకుల్లో నీళ్లు వదిలేయాలి, లేకపోతే తెల్లారేసరికి బ్రేకు లైన్లలో ఐసు. చైన్ బండి అయితే చెక్కల మీదికి ఎక్కించి ఆపాలి. తడి నేల మీద వదిలితే ట్రాకులు నేలకు అంటుకుపోతాయి.

అన్నిటికన్నా ఎక్కువ భయపడాల్సింది నేలకు అతుక్కుపోయిన లోడుకు. రెండు టన్నుల ఇనుప చువ్వల కట్ట రాత్రి మంచులో పడి ఉందనుకోండి. కాగితం మీద దాని బరువు రెండు టన్నులే. కింది నీళ్లు గడ్డకట్టి అది నేలను కరుచుకుంటే, హుక్ మీద ఎంత భారం పడుతుందో ఎవరూ లెక్కకట్టలేరు. ఆపరేటర్ లాగుతూనే ఉంటాడు, మీటరు పెరుగుతూనే ఉంటుంది. ఉన్నట్టుండి పట్టు ఊడుతుంది. వంగి ఉన్న బూమ్ ఒక్క ఉదుటున పైకి ఎగురుతుంది. వేసవిలో ఆ కుదుపును ఉక్కు సాగి తట్టుకుంటుంది. గడ్డకట్టే చలిలో ఉక్కు పెళుసవుతుంది, సాగదు, పుటుక్కున విరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా కట్టిన లిబర్టీ ఓడలు కొన్ని చల్లటి నీళ్లలో నిలువునా పగిలిందీ ఈ గుణం వల్లే. కాబట్టి ముందురోజే లోడు కింద చెక్క దిమ్మలు వేయించాలి. అతుక్కుంటే గునపంతోనో వేడిగాలితోనో విడదీయాలి, క్రేన్‌తో పీకకూడదు. చాలా క్రేన్లను మైనస్ 20 వరకు పనిచేసేలా తయారుచేస్తారు. అంతకన్నా చలిలో లోడు ఎంత తగ్గించాలో, ఎక్కడ పని ఆపేయాలో ఆ బండి మాన్యువల్‌లో ఉంటుంది. సూపర్‌వైజర్ ఎంత తొందరపెట్టినా ఆ పేజీ చూపించి ఆగగలిగినవాడే నా దృష్టిలో అసలైన ఆపరేటర్.

మనిషి సంగతి వేరు. గాలి ఎంత వీచినా ఇనుము గాలి ఉష్ణోగ్రత కన్నా చల్లబడదు. మనిషికి మాత్రం ఆ గాలే ప్రమాదం. ఒట్టి చేత్తో షాకిల్ పట్టుకుంటే చర్మం అంటుకుంటుంది. చలికి తోడు ఎత్తు కూడా ఉంది: లద్దాఖ్‌లోని లేహ్ 3,500 మీటర్ల ఎత్తున ఉంది. దిగిన మొదటి రెండు రోజులు ఎవరైనా విశ్రాంతి తీసుకోవాల్సిందే. ఆస్తమా, బీపీ, గుండె జబ్బు ఉంటే దాచకండి.

పదో తరగతి తర్వాత ఐటీఐలో డీజిల్ మెకానిక్ ఏడాది కోర్సు, ఫిట్టర్ రెండేళ్లు. నా సలహా ఏమిటంటే, నేరుగా ఆపరేటర్ కాకండి. ముందు మెకానిక్ పని నేర్చుకుని, హెవీ లైసెన్సు తీసుకుని, ఆపైన క్రేన్ మీద కూర్చోండి. దగ్గర్లో వర్క్‌షాపు లేని కొండమీద, నడపడమూ బాగుచేయడమూ రెండూ వచ్చినవాడిని కంపెనీలు వదులుకోవు. నిర్మాణ యంత్రాల నైపుణ్య మండలి ఆపరేటర్లకు సర్టిఫికెట్ ఇస్తుంది. హైదరాబాద్‌లో జాతీయ నిర్మాణ అకాడమీ ఉంది, అక్కడ కోర్సులు అడిగి చూడండి. హిందీ తప్పక నేర్చుకోండి, హిమాలయాల్లోని సైట్లలో సిగ్నల్‌మన్ కేక ఆ భాషలోనే వినిపిస్తుంది.

కెనడా చూస్తున్నవాళ్లకు ఒక మాట. అల్బర్టా చమురు ఇసుక గనుల చుట్టూ ఈ పనికి గిరాకీ ఉంది. అయితే అక్కడ మొబైల్ క్రేన్ నడపాలంటే ఆ ప్రావిన్సు ధ్రువీకరణ తప్పనిసరి. మీ అనుభవాన్ని వాళ్లు గుర్తించాలంటే రుజువులు కావాలి. కాబట్టి ఈరోజు నుంచే ఒక నోటుబుక్కు పెట్టుకోండి: ఏ క్రేన్, ఎన్ని టన్నులది, ఎన్ని గంటలు నడిపారు, ఏం రిపేరు చేశారు, కింద ఇంజనీరు సంతకం. విదేశీ ఉద్యోగాల కోసం తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అనే ప్రభుత్వ సంస్థలున్నాయి, ముందు అక్కడ అడగండి. ప్రైవేటు ఏజెంటు అయితే అతని రిజిస్ట్రేషన్ నంబరును ఇ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూసేదాకా రూపాయి ఇవ్వకండి, పాస్‌పోర్టు చేతికివ్వకండి.