చీరల బేరం చూసి మల్బరీ నాటవచ్చునా?



ఈ క్రింది మాట మన సరిహద్దు పల్లెల్లో ఏదో ఒక రూపంలో వింటూనే ఉంటాము:

"మద్రాసు జార్జి టౌనులో చీరల కొట్లు కిటకిటలాడుతున్నాయి. జనానికి పట్టు మీద మోజు పెరిగింది. ఇక గూళ్ళ ధర దిగదు. ఉన్న నేలంతా మల్బరీ నాటి, అప్పు తెచ్చి పెద్ద షెడ్డు వేస్తే రెండేళ్ళలో అప్పు తీరిపోతుంది."

కొట్లు కిటకిటలాడుతున్న మాట నిజమే కావచ్చు. కాని మొదటి మాట నిజమైనంత మాత్రాన చివరి మాట నిజం కాదు. ఆ రెంటి నడుమ నాలుగు మెట్లున్నాయి. చెప్పేవారు వాటిని దాటవేస్తారు. అప్పు చేసే రైతు ఒక్కొక్క మెట్టునూ తడిమి చూసుకోవాలి.

మొదటి మెట్టు: జనం నిజంగా పెరిగారా?

ఏ నెలలో చూశారని ముందు అడగండి. తమిళ ఆడి మాసంలో చెన్నపట్నం కొట్లలో తగ్గింపు అమ్మకాలుంటాయి. అప్పటి రద్దీ ధర తగ్గించినందువల్ల వచ్చినది. పెళ్ళిళ్ళ నెలల రద్దీ ఏటా ఉండేదే. పోయిన ఏడు అదే నెలతో పోల్చితే గాని పెరిగినదీ లేనిదీ తెలియదు.

జార్జి టౌనులోని గోడౌన్ వీధి టోకు బట్టల బజారు. అక్కడ మూటలు కట్టించుకునేవారిలో ఎక్కువ మంది ఊళ్ళ కొట్లవారు. వారు కొన్న సరుకు ఇంకా కట్టుకునేవారి చేతికి చేరలేదు. అది అల్మరాలో మిగిలిపోతే వచ్చే ఏడు వారి కొనుగోలు తగ్గుతుంది. ఒక బజారులో బేరం పెరిగితే మరొక బజారులో తగ్గి ఉండవచ్చు కూడా. ఒక వీధిని చూసి దేశమంతటి గిరాకీని లెక్కకట్టరాదు.

రెండవ మెట్టు: అమ్ముడైనది పట్టేనా?

మెరిసేదంతా పట్టు కాదు. రేయాన్, పాలిస్టరు దారంతో నేసిన చీరలు కూడా చూపుకు పట్టులాగే ఉంటాయి. వాటి అమ్మకం పెరిగితే మన గూళ్ళకు మేలు లేదు, కీడే జరగవచ్చు. ఈ తికమక తొలగించడానికే కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలో 2004లో సిల్క్ మార్క్ గుర్తు వచ్చింది. ఇంట్లో చూడాలంటే చీర అంచు నుండి నాలుగు పోగులు లాగి కాల్చండి. అసలు పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి, నలిపితే పొడి అయ్యే బూడిద ఇస్తుంది. పాలిస్టరు కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది.

మూడవ మెట్టు: ఆ పట్టు మన గూళ్ళదేనా?

పడుగుకు సమంగా ఉండి తెగని దారం కావాలి. అటువంటి దారం చైనా నుండి చాలా కాలంగా దిగుమతి అవుతున్నది. దిగుమతి దారం చవకగా దొరికితే చీరల బేరం ఎంత పెరిగినా గూళ్ళ ధర పడిపోగలదు.

ఇది ఊహ కాదు. 2011-12 కేంద్ర బడ్జెట్టులో ముడిపట్టు దిగుమతి సుంకాన్ని 30 శాతం నుండి 5 శాతానికి తగ్గించారు. ఆ ఏడు గూళ్ళ ధరలు దిగజారి రైతులు ఆందోళనకు దిగారు. దేశంలో పెళ్ళిళ్ళు ఆగలేదు, పట్టుచీర కట్టే ఆచారమూ పోలేదు. మారినది సుంకం. 2013లో దానిని 15 శాతానికి పెంచారు. తరువాత 10 శాతానికి తగ్గించి, 2021 బడ్జెట్టులో మరల 15 శాతం చేశారు. కావున చీరల కొట్టు కంటే సుంకం వార్త మన గూటి ధరకు దగ్గరి చుట్టం.

నాలుగవ మెట్టు: లాభం మన చేతికి వస్తుందా?

చీర ధరలో దారం, అద్దకం, నేత, జరీ, కొట్టువాని లాభం అన్నీ ఉంటాయి. వెండి, బంగారం ధర పెరిగితే జరీ చీర ధర పెరుగుతుంది. అందులో రైతుకు పైసా రాదు. గూళ్ళ వేలంలో రీలరు చూసేది దారం ఎంత దిగుతుందన్నదే. మంచి బైవోల్టిన్ గూళ్ళు సుమారు 6 నుండి 7 కిలోలకు ఒక కిలో దారం ఇస్తాయి. నాసి గూళ్ళు అంతకంటే ఎక్కువ కావాలి.

కాలం సంగతి కూడా మరువరాదు. ఈ రోజు నాటిన మల్బరీ మొదటి పంటకు అందేసరికి నెలలు గడుస్తాయి. అదే మాట విని పది ఊళ్ళవారు నాటితే గూళ్ళన్నీ ఒకేసారి మార్కెట్టుకు వస్తాయి.

ఈము పక్షుల పాఠం

ఈము మాంసానికి, నూనెకు గిరాకీ పెరుగుతోందని చెప్పి ఈరోడ్ జిల్లా పెరుందురై వైపు ఎందరి చేతనో పెట్టుబడి పెట్టించారు. 2012లో ఆ వ్యాపారం కూలి, పెట్టినవారు సొమ్ము పోగొట్టుకున్నారు. పక్షులను పెంచినవారికి వాటిని కొని తినేవారు కనబడలేదు. పట్టు అటువంటిది కాదు. దీనికి నిజమైన మార్కెట్టు, ప్రభుత్వ వేలం ఉన్నాయి. కాని "గిరాకీ ఉందట" అన్న మాటను పరీక్షించకుండా అప్పు చేయడంలోని ప్రమాదం రెండింటికీ ఒకటే.

మరి నిర్ణయం ఎలా?

లెక్క కోసం ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎకరాకు ఏటా 5 పంటలు, పంటకు 120 కిలోలు, మొత్తం 600 కిలోల గూళ్ళు. గుడ్లు, ఎరువు, కూలి, అప్పు వాయిదా కలిపి ఏటి ఖర్చు 1,80,000 రూపాయలు అనుకోండి. అంటే కిలోకు 300 రూపాయలు వస్తే ఖర్చు గిట్టుతుంది. ధర 500 ఉంటే 1,20,000 మిగులు. ధర 250కి పడితే 30,000 లోటు. పంటల్లో ఒకటి రోగంతో పోతే 300 ధర కూడా చాలదు.

మీ అంకెలతో ఈ లెక్క మీరే వేయండి. దానికి ముందు ఇవి సేకరించండి:

1. హోసూరు, ధర్మపురి, రామనగరం, హిందూపురం మార్కెట్లలో మీకు దగ్గరి దానిలో గత అయిదేళ్ళ ధరలు, ముఖ్యంగా అన్నిటికంటే తక్కువ ధర పలికిన ఏడు.
2. వేసవిలో మీ బోరు ఎంత నేలకు నీరిస్తుంది?
3. ఇంటిలో పని చేసే చేతులెన్ని? నాలుగవ జ్వరం తరువాత మేతకు కూలీలు దొరుకుతారా?
4. ఈ సలహా చెప్పినవారికి నారు, రేకులు, అప్పు అమ్మడంలో లాభముందా?

తక్కువ ధర పలికిన ఏట కూడా వాయిదా కట్టగలిగితే ధైర్యంగా ముందుకు వెళ్ళండి. కట్టలేకపోతే ముందు అర ఎకరంతో మొదలుపెట్టి, రెండు మూడు పంటలు తీసి, ఆ అనుభవంతో పెంచుకోండి. ఉన్న తోటలోనే గూళ్ళ నాణ్యత పెంచడం కూడా పెట్టుబడే. దానికి పెద్ద అప్పు అక్కరలేదు.

మార్కెట్టు ధరల పట్టిక, లెక్క వేయడంలో సహాయం మీ దగ్గరి పట్టు పరిశ్రమ శాఖ కార్యాలయంలో అడగండి. సంతకం పెట్టే ముందే రండి.