మోకాలు దోక్కుపోతే ఏం పెట్టాలి? పసుపా, పౌడరా, వాజలీనా?



నరసరావుపేటైనా, మాచర్లైనా, గురజాలైనా ఆడుకునే పిల్లలకు మోకాళ్లు దోక్కుపోవడం మామూలే. గాయం చిన్నదే. అది త్వరగా మానుతుందా, చీము పడుతుందా అనేది చాలావరకు మన చేతుల్లోనే ఉంటుంది.

"ఆరితేనే పక్కు కడుతుంది, పక్కు కడితేనే మానుతుంది" అని మనలో చాలామంది నమ్మకం. 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల చర్మంపై ఈ విషయాన్ని పరీక్షించారు. గాలికి వదిలేసిన పైపై గాయాల కంటే, పల్చని ప్లాస్టిక్ పొర కప్పి తడి ఆరకుండా ఉంచిన గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంగా వచ్చింది. తడిలో చర్మ కణాలు సులువుగా కదులుతాయి. పక్కు గట్టిపడితే దాని అడుగు నుంచి దారి చేసుకుంటూ రావాలి.

ఇప్పుడు మన ఇంట్లో ఉండేవాటిని పోల్చి చూద్దాం.

నీళ్లు: మొదటి మందు ఇదే. ముందు మీ చేతులు కడుక్కోండి. తాగే నీటిని ధారగా పోసి మట్టి, ఇసుక పోయేలా గాయాన్ని కడగండి. చుట్టూ సబ్బు వాడండి.

స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్: క్రిములతో పాటు కొత్త కణాలనూ దెబ్బతీస్తాయి. మంట అదనం.

పసుపు: గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై 1995లో అమెరికా పేటెంటు ఇచ్చింది. మన సి.ఎస్.ఐ.ఆర్. సవాలు చేయడంతో 1997లో అది రద్దయింది. ఆ వాడకం మనకు ఎప్పటి నుంచో తెలుసన్నదే కారణం. అంతేగాని, వంటింటి డబ్బాలోని పసుపు క్రిములు లేనిదని ఎవరూ తేల్చలేదు. పైగా ఆ రంగు గాయం ఎర్రబడటాన్ని కనపడనివ్వదు.

యాంటీబయాటిక్ పౌడర్: గాయాన్ని ఆరబెట్టి గడ్డకడుతుంది. కొందరికి దద్దుర్లు వస్తాయి.

పెట్రోలియం జెల్లీ: చిన్న చర్మ శస్త్రచికిత్సలు చేయించుకున్న సుమారు 900 మందిపై అమెరికాలో జరిగిన అధ్యయనం 1996లో వెలువడింది. జెల్లీ రాసినవారికీ, యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ రాసినవారికీ ఇన్‌ఫెక్షన్లలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

కట్టు: పొడి గాజుగుడ్డ గాయానికి అతుక్కుని, తీసేటప్పుడు కొత్త చర్మాన్ని లాగేస్తుంది. పల్చగా జెల్లీ రాసి, అతుక్కోని ప్యాడ్ లేదా బ్యాండేజీ వేయండి. రోజుకోసారి, తడిసినా మాసినా వెంటనే మార్చండి.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి? గాయం లోతుగా ఉన్నా, పది నిమిషాలు నొక్కి పట్టినా రక్తం ఆగకపోయినా, కడిగినా మట్టి పోకపోయినా, ఎరుపు పాకుతున్నా, చీము, జ్వరం కనిపించినా ఆలస్యం చేయవద్దు. కుక్క కరిచినా, గోళ్లతో గీరినా 15 నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి, కట్టు కట్టకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. 5, 10, 16 ఏళ్లకు వేయించాల్సిన ధనుర్వాతం టీకాలు పూర్తయ్యాయో లేదో కార్డులో ఈరోజే చూడండి.

చివరిగా ఒక మాట. దెబ్బ తగిలిందని చెబితే తిడతారనే భయంతో పిల్లలు ప్యాంటు కింద దాచేస్తారు. అలా కడగకుండా ఉండిపోయిన గాయమే చీము పడుతుంది. బడిలోనైతే టీచరుకు, ఇంట్లోనైతే మీకు వెంటనే చెప్పమనండి. చెప్పినప్పుడు ముందు గాయం కడగండి, మందలింపు తర్వాత చూసుకోవచ్చు.